అవధానులు గారి తలనొప్పి, మా ప్రోటోకాల్

2003 జూన్‌లో నన్ను అమలాపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టడీ కోఆర్డినేటర్‌గా నియమించారు. అప్పటిదాకా అదే ఆసుపత్రి మందుల కొట్టులో ఫార్మసిస్టుని. హోదా పెరిగిందని అందరూ అభినందించారు గానీ చోటు మాత్రం మారలేదు. మందుల కొట్టు వెనకాల స్టోరు గదిలో ఒక బల్ల, తాళం వేసే ఇనప బీరువా, గదిలో వేడి ఎంతుందో చూపించే చిన్న యంత్రం ఇచ్చారు. కరెంటు పోయినప్పుడల్లా ఆ యంత్రం వంక చూస్తూ విసనకర్రతో విసురుకునేదాన్ని. మందులకు వేడి తగలకూడదని రూలు ఉంది. కోఆర్డినేటర్‌కి తగలకూడదని ఎక్కడా లేదు.

కొత్త మందునో, ఒక జబ్బుకి వాడుతున్న మందుని ఇంకో జబ్బుకో మనుషుల మీద పరీక్షించి చూడటాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. ఇందులో అందరికంటే పైన స్పాన్సర్, అంటే మందు కంపెనీ. ఆ కంపెనీ తన తరఫున పని చూసుకోమని ఇంకో సంస్థకి కాంట్రాక్టు ఇస్తుంది. ఆ సంస్థ నుంచి కొన్ని వారాలకోసారి వచ్చి మా కాగితాలు తనిఖీ చేసే మనిషి మోనిటర్. ఆసుపత్రిలో బాధ్యత వహించే డాక్టరు ప్రధాన పరిశోధకుడు. ఆయన కింద నేను. రోగులను పిలిపించడం, అంగీకార పత్రం చదివి వినిపించడం, మాత్రలు ఇవ్వడం, మిగిలినవి వెనక్కి తీసుకోవడం, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయడం నా పని. చికిత్స విషయంలో నా మాటకి విలువ లేదు. కాగితాల్లో తప్పు దొరికితే మాత్రం మొదటి ఫోను నాకే వచ్చేది.

మాకు మొదట వచ్చిన ట్రయల్ మైగ్రేన్ మీద. మా వైపు దాన్ని పార్శ్వపు నొప్పి అంటారు. తలలో ఒక పక్క మొదలై, కంటి వెనక పోటు పెట్టి, వెలుతురు చూడనివ్వదు, చప్పుడు విననివ్వదు. వాంతులయ్యేదాకా వదలదు. దీనికి మందులు రెండు రకాలు. నొప్పి వచ్చాక వేసుకునేవి కొన్ని, అసలు రాకుండా రోజూ వేసుకునేవి కొన్ని. మేం పరీక్షించింది రెండో రకం. మూర్ఛకు అప్పటికే వాడుతున్న ఒక మందు పార్శ్వపు నొప్పిని కూడా ఆపుతుందా అన్నది ప్రశ్న. సగంమందికి అసలు మందు, అందులో కొందరికి చిన్న మోతాదు, కొందరికి పెద్దది. మిగతా సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు. సీసాల మీద నంబర్లు మాత్రం ఉండేవి. ఏ నంబరులో ఏముందో చెప్పే జాబితా స్పాన్సర్ దగ్గరే ఉండేది. తెలిస్తే మన చూపు మారిపోతుందని ఈ ఏర్పాటు. మంచి ఏర్పాటే. దాన్ని తప్పుపట్టడానికి నేను ఇది రాయడం లేదు.

మా ప్రధాన పరిశోధకుడు డాక్టర్ రంగరాజు గారు. జనరల్ ఫిజీషియన్. కోనసీమలో తలనొప్పితో బస్సెక్కిన ప్రతివాళ్ళూ చివరికి ఆయన దగ్గరే దిగేవారు. కాబట్టి రోగులకు కొదవ లేదు. వాళ్ళను అడగడానికి స్పాన్సర్ పంపిన ప్రశ్నల పట్టికే తమాషాగా ఉండేది. నొప్పి దేనివల్ల మొదలవుతుందో టిక్కు పెట్టాలి. జున్నుగడ్డ, చాకొలెట్టు, ద్రాక్ష సారాయి అని వరసగా ఉండేవి. ఏకాదశి ఉపవాసం లేదు, తలంటు లేదు, కొబ్బరాకుల పొగ లేదు. 'ఇతరములు' అన్న గడిలో కోనసీమ మొత్తాన్ని ఇరికించి రాసేదాన్ని.

ఆ పట్టిక పట్టుకునే ఆగస్టులో ఒక ఉదయం అవధానులు గారి ఎదుట కూర్చున్నాను. పి.గన్నవరం దాటాక ఒక అగ్రహారం వాళ్ళది. అన్నదమ్ములిద్దరూ వచ్చారు. ఇద్దరూ వేదపండితులే కావడంతో ఊళ్ళో పెద్ద అవధానులు గారు, చిన్న అవధానులు గారు అని పిలిచేవారు. నొప్పి పెద్దాయనకి. యాభై దాటిన మనిషి, పచ్చటి ఒళ్ళు, నుదుటి మీద విభూతితో పాటు శొంఠి పట్టు చార. ద్రాక్ష సారాయి ప్రశ్న అడక్కుండా వదిలేద్దామనుకున్నాను. రూలు ఒప్పుకోదు. అడిగాను. ఆయన నవ్వి, "లేదని రాసుకోమ్మా. మా తమ్ముడి సంగతి మాత్రం నాకు తెలీదు," అన్నారు. చిన్నాయన నెత్తి బాదుకున్నారు. ఆ గదిలో మేం ముగ్గురం నవ్వుకున్న సందర్భం నాకు గుర్తున్నంతవరకు అదొక్కటే.

అంగీకార పత్రం పూర్తిగా చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక, గొట్టం మాత్రలా, బిళ్ళలా అని అడిగారు. గొట్టాల పైపొర జంతువుల ఎముకల నుంచి తీస్తారని ఆయన ఎక్కడో విన్నారు. బిళ్ళలేనని చూపించాక సంతకం పెట్టారు. పెట్టేముందు ఒక మాట అన్నారు.

"నొప్పి పూర్తిగా పోనక్కర్లేదమ్మా. ఘనం చెప్పే రోజుల్లో రాకుండా ఉంటే నాకదే పదివేలు."

ఘనం అంటే ఏమిటో నాకు తెలియదు. మాది మామిడికుదురు దగ్గర కొబ్బరితోటల ఇల్లు. వేదం అంటే పెళ్ళిళ్ళలో వినపడేదే నాకు. చిన్న అవధానులు గారు విడమరిచి చెప్పారు. వేదాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదటి మెట్టు. ఆఖరి మెట్టు ఘనం. మొదటి మాట, రెండో మాట చెప్పి, వాటిని వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు చెప్పి, మూడో మాట కలిపి, మూడింటినీ వెనక్కి, మళ్ళీ ముందుకు. తరవాత రెండో మాట నుంచి అదే మళ్ళీ మొదలు. అలా మొత్తం వేదం, స్వరం చెడకుండా, పుస్తకం లేకుండా. చిన్నప్పటి నుంచీ రోజూ తెల్లవారాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొంత చొప్పున చెప్పుకుంటారట. దాన్ని ఆవృత్తి అంటారు. చెప్పుకోకపోతే ఉండదు, పోతుంది. సభల్లోనూ ఇద్దరినీ జంటగానే కూర్చోబెట్టేవారు. పోయిన ఏడాది ఒక సభలో సగంలో నొప్పి వచ్చి పెద్దాయన కళ్ళు తిరిగి వాంతి చేసుకున్నారు. ఆ అవమానమే ఆయన్ని మా దగ్గరికి నడిపించింది.

మాత్రలు మొదలుపెట్టాం. వారానికి కొంచెం చొప్పున మోతాదు పెంచుతూ పోవాలి. రెండో నెలకల్లా మార్పు కనపడింది. నొప్పి వచ్చిన రోజులు సగానికంటే తగ్గితే ఆ రోగిని మా భాషలో రెస్పాండర్ అంటారు. ఆయన దానికంటే చాలా ముందున్నారు. శొంఠి పట్టు మాయమైంది. ఏకాదశి నాడు కూడా నొప్పి రాలేదని పిల్లాడిలా చెప్పారు. మా మోనిటర్ శిరీష హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఆయన కాగితాలు చూసి, ఇలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలు మేడమ్ అంది. చురుకైన పిల్ల, పనిలో నిక్కచ్చి. ఆ అమ్మాయి మీద నాకిప్పటికీ కోపం లేదు.

ప్రతిసారీ నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'పోయినసారి వచ్చినప్పటి నుంచీ మీలో ఏమైనా తేడా కనిపించిందా?' అంతే అడగాలి. మతిమరుపు వచ్చిందా, నిద్ర పట్టడం లేదా అని పేరు పెట్టి అడిగితే రోగి నోట మాట పెట్టినట్టవుతుంది. పెద్దాయన చేతివేళ్ళకి తిమ్మిర్లు వస్తున్నాయని చెప్పారు. అన్నం సయించడం లేదన్నారు. ఇంకేమైనా అంటే, "అంతా బావుందమ్మా, మీ దయ," అనేవారు. మా వైపు మర్యాద అలాంటిది. ఉచితంగా మందిచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, గారు అని పిలిచినవాళ్ళ ముఖం మీద బాగాలేదని ఎవరూ అనరు. దీని సంగతి తెలిసే నేను తమ్ముడు గారి వైపు తిరిగి అదే ప్రశ్న వేసేదాన్ని. ఆయన తల వంచుకుని, "ఆయ్, బావుందండీ," అనేవారు. ఆ మాట కూడా సరిగ్గా పలికేది కాదు. గొంతు బొంగురుపోయి ఉండేది. జలుబు అనుకుని మందుల కొట్టు నుంచి గొంతు బిళ్ళలు తెప్పించి ఇచ్చాను. తరవాతి నెలలో వచ్చినప్పుడూ గొంతు అలాగే ఉంది. మళ్ళీ బిళ్ళలు ఇచ్చాను.

కార్తీకంలో రామచంద్రపురం దగ్గర ఒక ఊళ్ళో వేదసభ జరిగింది. దాని మర్నాడు ఉదయం చిన్న అవధానులు గారు ఒక్కరే వచ్చారు. ఓపీ చీటీ తీసుకోకుండా నేరుగా స్టోరు గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డారు.

ఆయన చెప్పింది ఇది. ఆ సభలో పెద్దాయనకి గౌరవంగా, వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఒక పెద్ద పండితుడి పక్కన చోటిచ్చారు. తమ్ముణ్ణి ఎదుటి వరసలో కూర్చోబెట్టారు. అన్నదమ్ములు విడిగా కూర్చోవడం అదే మొదలు. ఘనం మొదలైంది. కొంతదూరం నడిచింది. ఒకచోట మూడు మాటల్ని వెనక్కి తిప్పేటప్పుడు పెద్దాయనకి మధ్యమాట అందలేదు. వెనక్కి వెళ్ళారు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగారు. మళ్ళీ వెళ్ళారు. పక్కనున్న పండితుడు మర్యాదస్తుడు, తానూ ఆగి ఎదురుచూశారు. సభ అంతా ఎదురుచూసింది. ఎవరూ అందించలేదు. అంతటివాడికి అందించడం అవమానించడమే అవుతుందని అందరూ ఊరుకున్నారు. చివరికి పెద్దాయనే చేతులు జోడించి, క్షమించాలి అని లేచి బయటికి వెళ్ళిపోయారు.

"నొప్పి వచ్చిందాండీ?" అని అడిగాను.

"నొప్పి లేదండీ. నొప్పి వస్తే ఎంత బావుణ్ణు," అన్నారాయన. తరవాత అసలు మాట చెప్పారు. "ఇది నిన్న మొదలైంది కాదండీ. మీ దగ్గరికి రావడం మొదలెట్టేక రెండో నెల నుంచీ అన్నయ్యగారు అక్కడక్కడ తడబడుతున్నారు. పక్కన నేనుంటాను కదాండీ. తడబడ్డచోట నేను గొంతు పెంచేవాణ్ణి. నా మాట పట్టుకుని ఆయన దాటేసేవారు. దాటేనన్న సంగతి కూడా ఆయనకి తెలిసేది కాదు. చెప్పలేకపోయేను. అన్నయ్యగారితో తప్పని ఎలా అంటాం?"

అప్పుడు అర్థమైంది నాకు ఆ గొంతు ఎందుకు పోయిందో. నేనిచ్చిన బిళ్ళల డబ్బా ఆయన కండువా మూలన ముడివేసి ఉంది. తిరిగి ఇచ్చేయబోయారు. ఉంచుకోండని చెప్పాను.

రంగరాజు గారు ఆ వారంలోనే పెద్దాయన్ని పిలిపించి జ్ఞాపకశక్తి పరీక్ష చేశారు. ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్‌ని ఎలా నడపాలో స్పాన్సర్ రాసిచ్చిన నిబంధనల పుస్తకంలో, దానికి ఒక పద్ధతి ఉంది. మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి అడగాలి. వందలోంచి ఏడు చొప్పున తగ్గిస్తూ పోమనాలి. వారాల పేర్లు వెనక నుంచి చెప్పించాలి. పెద్దాయన అన్నీ చెప్పారు. ఏడు చొప్పున తగ్గించడంలో డాక్టరు గారే వెనకబడ్డారు. వారాలు వెనక నుంచి చెప్పమన్నప్పుడు ఆయన ముఖంలోకి ఒక నవ్వు వచ్చి ఆగిపోయింది. పరీక్షలో ఆయనకి పూర్తి మార్కులు.

ఇక్కడ మా పనిలోని ఒక చిక్కు చెప్పాలి. మందు వేసుకుంటుండగా రోగికి కలిగే ఏ ఇబ్బందినైనా నమోదు చేసి, దానికి తీవ్రత వేయాలి. రోజువారీ పనులకు అడ్డం రాకపోతే స్వల్పం. కొంత అడ్డమైతే మధ్యస్థం. పనులే ఆగిపోతే తీవ్రం. శిరీష ఫోనులో, స్నానం చేస్తున్నారు, భోంచేస్తున్నారు, బస్సెక్కి ఒంటరిగా రాగలరు, పరీక్షలో పూర్తి మార్కులు వచ్చాయి, కాబట్టి స్వల్పం అని రాయమంది. ఆయన రోజువారీ పని ఘనం చెప్పడమే, అదే ఆగిపోయింది, కాబట్టి తీవ్రం అని నేనన్నాను. అది పని కాదు కదా మేడమ్, పూజ లాంటిది కదా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. టైపిస్టు వేళ్ళు పడిపోతే స్వల్పమంటావా అని అడిగాను. చివరికి తీవ్రత నిర్ణయించే అధికారం ప్రధాన పరిశోధకుడిది. రంగరాజు గారు ఇద్దరి మాటా విని, మధ్యస్థం అని రాసి సంతకం పెట్టారు. ఆయనది ఎప్పుడూ రాజీ మార్గమే. మాత్రలు క్రమంగా తగ్గించి ఆపేయమని, పెద్దాయన్ని ట్రయల్ నుంచి తప్పించమని రాశారు.

పెద్దాయన ఇవన్నీ, తమ్ముడు గొంతు పెంచి దాటించిన సంగతితో సహా, ఓపిగ్గా విన్నారు. ఆఖర్న ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "నాకిచ్చింది అసలు మందా, ఉత్తిదా?"

తెలియదని చెప్పాం. ఆయన ఎందుకు అడిగారో మాకిద్దరికీ తెలుసు. అసలు మందే అయితే, అది ఒంట్లోంచి పోగానే మాటలు తిరిగి వస్తాయి. ఉత్తి మాత్రే అయితే, పోతున్నది ఆయన బుద్ధి. మళ్ళీ రాదు. ఒకటైతే తిరిగి ఆవృత్తి మొదలుపెట్టాలి. రెండోదైతే ఇక నోరు విప్పకూడదు, ఎందుకంటే తప్పుగా చెప్పడం కంటే చెప్పకపోవడం మేలని వాళ్ళ నియమం. రోజూ చెయ్యాల్సిన పని ఇంకెప్పటికీ చెయ్యాలా వద్దా అన్నది ఆ జవాబు మీద ఆధారపడి ఉంది.

రంగరాజు గారు తన అంచనా మందే అని చెప్పారు. తిమ్మిర్లు, అరుచి, మాట అందకపోవడం ఆ మందుకున్న గుణాలే. అయితే నిజాయితీపరుడు కాబట్టి, ఈ గుణాలన్నీ అంగీకార పత్రంలో చదివి వినిపిస్తాం గనక ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళు కూడా కొందరు ఇవే చెబుతారని అన్నారు.

"అంచనా ప్రమాణం కాదండీ," అన్నారు పెద్దాయన. "అంచనా మీద వేదం చెప్పకూడదు."

ఎవరికి ఏ మాత్ర వెళ్తోందో ట్రయల్ మధ్యలో బయటపెట్టడానికి ప్రోటోకాల్‌లో వీలుంది. కోడ్ బ్రేక్ అంటారు. రోగి ప్రాణానికి ముప్పుండి, ఏ మందో తెలిస్తేనే చికిత్స చేయగలమన్నప్పుడు మాత్రమే చేయాలి. నేను పట్టుబట్టి డాక్టరు గారి చేత స్పాన్సర్‌కి రాయించాను. జవాబు తొందరగానే వచ్చింది. మర్యాదగానూ ఉంది. ప్రాణాపాయం లేదు. మందు ఆపడం తప్ప వేరే చికిత్స లేదు. కనుక ఏ మందో తెలిసినా వైద్యం మారదు. ట్రయల్ ముగిశాక అందరితో పాటు తెలియజేస్తాం. మా ఎథిక్స్ కమిటీ, అంటే రోగుల హక్కులు చూడటానికి ఊరి పెద్దల్ని, ఒక లాయరుని, డాక్టర్లని కలిపి వేసిన సంఘం, సానుభూతితో పరిశీలించమని ఇంకో ఉత్తరం రాసింది. దానికీ అదే జవాబు. వాళ్ళ లెక్కలో వాళ్ళు తప్పు చెప్పలేదు. వైద్యం మారదు. ఆ మనిషి మారిపోతాడన్న సంగతి రాయడానికి మాకు గడి లేదు.

మాత్రలు ఆపిన కొన్నాళ్ళకి నొప్పి తిరిగి వచ్చింది. ఇదివరకటి కంటే గట్టిగా వచ్చింది. వాడుకలో ఉన్న వేరే మందులు డాక్టరు గారు రాసిచ్చారు. పెద్దాయన ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు, కొన్నట్టు లేరు. మా దగ్గర్నుంచి ఇంకో మాత్ర తీసుకోవడం ఆయనకి సాధ్యం కాలేదని నేననుకుంటాను.

పెద్దాయన ఆఖరి పరీక్షకి వచ్చినప్పుడు నేనే అడిగాను, ఇంట్లో ఒకసారి చెప్పి చూడకపోయారా అని. చూశారట. నొప్పి లేని ఒక ఉదయం కూర్చుని కొంచెం చెప్పారట. తమ్ముడు బాగుందన్నారట.

"వాడు అప్పుడూ బావుందనే అన్నాడు కదమ్మా," అన్నారు పెద్దాయన. తమ్ముడు గారు పక్కనే ఉన్నారు. "ఇప్పుడు వాడు బావుందంటే నేనెలా నమ్మేది? తప్పిన మాట తప్పినవాడికి వినపడదు. పక్కవాడికే వినపడాలి. ఆ పక్కవాడు నాకు లేకుండా పోయేడు."

పుస్తకం పెట్టుకుని సరిచూసుకోవచ్చు కదండీ అన్నాను. పుస్తకం చూసి చెప్పేవాణ్ణి మావాళ్ళు లెక్కలోకి తీసుకోరు అన్నారు. బయటి పండితుణ్ణి ఎవరినైనా పిలిచి వినిపించుకోండన్నాను. "ఇంకొకరి ఎదుట నన్ను మళ్ళీ కూర్చోబెట్టకమ్మా," అన్నారు. ఆ గొంతులో అప్పటిదాకా వినని బతిమాలడం ఉంది. చిన్న అవధానులు గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ప్రేమతో చేసిన పనికి ఇంత శిక్ష పడ్డ మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అవాళ జ్ఞాపకశక్తి పరీక్ష మళ్ళీ చేశాం. పూర్తి మార్కులే. నిబంధన ప్రకారం 'ఇబ్బంది తొలగిపోయింది' అన్న గడిలో టిక్కు పడింది. వ్యాఖ్యలు రాసే చోట రంగరాజు గారు నా బలవంతం మీద, రోగి తన వృత్తిని తిరిగి ప్రారంభించలేదు అని ఒక వాక్యం రాశారు. శిరీష దాన్ని కొట్టేయలేదు. పై వాళ్ళెవరైనా చదివారో లేదో నాకు తెలియదు.

ట్రయల్ ముగిసి, లెక్కలు తేలి, ఎవరికి ఏ మాత్ర వెళ్ళిందో చెప్పే జాబితా మాకు చేరేసరికి 2005 వేసవి వచ్చింది. సభ జరిగి ఏడాదిన్నర. జాబితాలో ఆయన నంబరు వెతికాను. అసలు మందు. పెద్ద మోతాదు.

రంగరాజు గారు ఫోను చేద్దామన్నారు. నేను బస్సెక్కాను. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ మీది అక్విడక్టు వంతెన దాటుతుంటే, చెప్పబోయే మాటని లోపల పదిసార్లు చెప్పుకున్నాను. శుభవార్త తీసుకెళ్తున్నానన్న భ్రమ ఇంకా ఉంది నాలో.

పెద్దాయన నడిమింట్లో, తలుపులు దగ్గరగా వేసిన గదిలో చాప మీద పడుకుని ఉన్నారు. తలకి తడిగుడ్డ. నన్ను చూసి లేచి కూర్చున్నారు, నొప్పి తగ్గుముఖంలోనే ఉందన్నారు. చిన్నాయన మజ్జిగ తెప్పించారు. విషయం చెప్పాను. అది మందు వల్లే వచ్చింది, మీ బుద్ధికి ఏ లోపమూ లేదు అని స్పష్టంగా, రెండుసార్లు చెప్పాను.

ఆయన తలమీది తడిగుడ్డ తీసి పక్కన పెట్టారు. తరవాత, ఆ మందు మానేశాక ఒంట్లో ఎన్నాళ్ళుంటుందని అడిగారు. రోజుల్లో పోతుంది, ప్రభావం పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు అన్నాను.

"అయితే ఆ మాఘమాసానికే నేను బాగుపడ్డానన్నమాట."

"ఆయ్," అన్నాను.

ఆయన తమ్ముడి వైపు చూశారు. "కూర్చోరా," అన్నారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొదలుపెట్టారు. ఘనం నేను వినడం అదే మొదటిసారి. మాటలు ముందుకీ వెనక్కీ నడుస్తుంటే రెండు గొంతులు ఒకటిగా వినపడ్డాయి. కొంతసేపు అలా సాగింది. తరవాత పెద్దాయన వేగం తగ్గింది. ఒక మాట దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, ఇంకో దారిలో వచ్చి మళ్ళీ ఆగారు. ఏడాదిన్నరపాటు ఆయన నోరు విప్పలేదు. జత లేక తమ్ముడూ ఆవృత్తి మానేశారు. రోజూ చెప్పుకోకపోతే పోతుందని మొదటిరోజే చెప్పారు నాకు. మందు లాక్కున్నది మందే తిరిగి ఇచ్చేసింది. మిగిలిందంతా ఎదురుచూడటంలో పోయింది.

చిన్న అవధానులు గారు ఈసారి గొంతు పెంచలేదు. ఆయనా ఆగిపోయారు. ఆయనకి గుర్తులేక ఆగారో, గుర్తుండీ ఆగారో నేను అడగలేదు.

పెద్దాయన నాకు నమస్కారం పెట్టి, ఎండలో ఇంతదూరం వచ్చేరు, భోంచేసి వెళ్ళండమ్మా అన్నారు. బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను. దారంతా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదా పెట్టలేని కోపం కాబట్టి అది చాలాకాలం ఉంది.

ఆ మందు పార్శ్వపు నొప్పికి పనిచేస్తుంది. ఈనాటికీ ఎంతోమందికి రాస్తున్నారు, ఎంతోమందికి మేలు జరుగుతోంది. మా కాగితాల్లో పెద్ద అవధానులు గారి వరసలో ఉన్నది ఇది: మందుకి స్పందించారు, మాట అందకపోవడం, మధ్యస్థం, మందు ఆపాక తొలగిపోయింది. అందులో అబద్ధమైన మాట ఒక్కటీ లేదు.

పదవీ విరమణ దాకా నేను అదే బల్ల దగ్గర పనిచేశాను. ఆ సంఘటన తరవాత పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. మొదటి మాత్ర ఇచ్చే ముందే, ఈ మనిషి బుర్రతో రోజూ చేసే పని ఏమిటో అడిగి, అది నా ఎదుట చేయించి చూసేదాన్ని. ఆ పని చేసేటప్పుడు పక్కన ఎవరుంటారో వాళ్ళని విడిగా, రోగి వినకుండా అడిగేదాన్ని. రెండోది, కొత్త ట్రయల్ వచ్చినప్పుడల్లా స్పాన్సర్‌ని ముందే అడిగించేదాన్ని: ఇబ్బంది వచ్చి మధ్యలో మానేసినవాళ్ళు తమకిచ్చింది ఏమిటని అడిగితే అప్పుడే చెబుతారా, చెప్పరా? చెప్పేది లేదన్నవాళ్ళ ట్రయళ్ళు కొన్ని డాక్టరు గారు నా మాట మీద వదులుకున్నారు.

ఫార్మసిస్టుగా నేను మొదట నేర్చుకున్నది సీసా మీద గడువు తేదీ చూడటం. నిజానికీ గడువు ఉంటుందని ఆ ఇంట్లో తెలుసుకున్నాను. నేను తీసుకెళ్ళింది గడువు దాటిన నిజం.